కొన్న పేపరుకు జవాబు చెప్పాల్సింది మీ అమ్మాయే

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ చివరి సంవత్సరంలో ఉంది. న్యూక్లియర్ మెడిసిన్‌లో (రేడియోధార్మిక మందులతో స్కాన్‌లు, చికిత్సలు చేసే విభాగం) పరిశోధన చేయాలని కోరిక. ఆ రంగంలోని పెద్ద డాక్టర్లకు వందల కొద్దీ పేపర్లు ఉన్నాయని చూసి బెంగపెట్టుకుంది. డబ్బు కడితే నాలుగు పేపర్లలో తన పేరు వేయిస్తామని తెలిసినవారొకరు అంటున్నారు. కట్టమంటారా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కట్టకండి అమ్మా. ముందు ఈ మాట చెప్పి, మిగతావి తర్వాత మాట్లాడతాను.

ఎండీ సీటు కోసమే ఈ తొందరైతే, పేపర్లతో పనే లేదు. నీట్ పీజీ అయినా, ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ వంటి చోట్లకు రాసే ఐఎన్ఐ సెట్ అయినా సీటు ఇచ్చేది ర్యాంకే. ప్రచురణలకు ఒక్క మార్కూ కలపరు. అవి లెక్కకు వచ్చేది ఆ తర్వాత, మెడికల్ కాలేజీలో పదోన్నతికీ విదేశీ ఫెలోషిప్‌కూ. అక్కడ ఎదుట కూర్చున్నవారు సంఖ్య చూసి ఊరుకోరు. ఒక పేపరు తెరిచి, 'ఈ రెండో బొమ్మలో కటి భాగంలో మెరుస్తున్నది కణితే అని ఎలా తేల్చారు? మూత్రాశయంలో చేరిన మందు కావచ్చు కదా?' అని అడుగుతారు. స్కాన్ కళ్లతో చూసిన అమ్మాయి వెంటనే చెబుతుంది. పేరు కొనుక్కున్న అమ్మాయి తల దించుకుంటుంది. మోసం బయటపడి పేపరును ఉపసంహరిస్తే, ఆ ముద్రతోపాటు ఆమె పేరు కూడా వైద్య పేపర్లను ఆన్‌లైన్‌లో వెతికే పబ్‌మెడ్‌లో అలాగే ఉండిపోతుంది.

ఇక ఆ వందల పేపర్ల సంగతి. ముప్ఫై ఏళ్లు విభాగాన్ని నడిపిన ప్రొఫెసర్ దగ్గర ఎందరో ఎండీ విద్యార్థులు థీసిస్ చేస్తారు. వాటిలోంచి వచ్చిన పేపర్ల చివర గైడ్‌గా ఆయన పేరు ఉంటుంది. వైద్య పత్రికల్లో మొదటి పేరు ఎక్కువ పని చేసినవారిది, చివరి పేరు సాధారణంగా పెద్ద దిక్కుది. పైగా అన్ని పేపర్లూ ఒక్క బరువువి కావు. ఒక్క రోగి స్కాన్ మీద రాసిన అరపేజీ కూడా పేపరే, 2021లో వెలువడిన 'విజన్' అనే చికిత్సా పరీక్ష ఫలితం కూడా పేపరే. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 831 మందితో చేసిన ఆ పరీక్షలో, మామూలు చికిత్సకు ల్యుటీషియం-177 అనే రేడియోధార్మిక మందును జోడిస్తే ఆయుష్షు మధ్యగతం (సగం మంది దాటిన కాలం) 11.3 నెలల నుంచి 15.3 నెలలకు పెరిగింది. జాబితాలో రెండూ ఒక్కొక్క వరుసే.

నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఈ రోజు క్యాన్సర్ వంటివాటిని చూసే పెట్ స్కాన్‌లలో విరివిగా వాడే ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక చక్కెర లాంటి మందును మనిషికి మొదట ఇచ్చింది 1976 ఆగస్టులో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో. మందు తయారైంది మాత్రం న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో. అందులోని ఫ్లోరిన్-18 దాదాపు 110 నిమిషాలకొకసారి సగానికి తగ్గిపోతుంది కాబట్టి విమానంలో ఫిలడెల్ఫియాకు తెచ్చారు. స్వచ్ఛందంగా వచ్చిన ఇద్దరికి దాన్ని ఇచ్చిన డాక్టర్ అబాస్ అలావి. ఆ పద్ధతిని వివరించిన పేపరు 1979లో వచ్చింది. అందులో పన్నెండు పేర్లున్నాయి, అలావిది పదోది. రసాయన శాస్త్రజ్ఞులు, భౌతిక శాస్త్రజ్ఞులు, డాక్టర్లు కలిస్తే తప్ప ఈ రంగంలో పని జరగదు. పదో స్థానంలో ఉన్నా ఆ పేరు వెనక చేసిన పని ఉంది. మీ అమ్మాయికి ఇది తప్పక చెప్పండి.

తను ఇప్పుడు చేయగలిగింది ఉంది. నచ్చిన ఒక పరిశోధకుడి పేపర్లను పబ్‌మెడ్‌లో పాతవాటి నుంచి కొత్తవాటి వరకు వరుసగా చూడమనండి. సారాంశాలు చాలు. ఏ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోందో నోటు పుస్తకంలో రాసుకోవాలి. థైరాయిడ్ క్యాన్సరా, గుండె కండరమా, మెదడా? పది పేపర్లు దాటేసరికి ఆ మనిషి దేని వెంట పడ్డాడో కనిపిస్తుంది. అప్పుడు సంఖ్య చూసి పుట్టిన భయం చాలావరకు పోతుంది.

హౌస్‌సర్జన్సీలో వీలు చూసుకుని హైదరాబాద్ నిమ్స్‌లోనో తిరుపతి స్విమ్స్‌లోనో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాధిపతిని రాతపూర్వకంగా అడిగి, కొన్ని వారాలు స్కాన్‌లు చదివే గదిలో కూర్చోనివ్వమని కోరాలి. అక్కడ ఒక్క అరుదైన కేసు దొరికినా, రోగి అనుమతి తీసుకుని గైడ్‌తో కలిసి రాయవచ్చు. తిప్పి పంపితే దిద్ది మళ్లీ పంపాలి. ఇండియన్ జర్నల్ ఆఫ్ న్యూక్లియర్ మెడిసిన్ లాంటి పత్రికలు మనకున్నాయి. 'మూడు రోజుల్లో ప్రచురిస్తాం' అని మెయిల్ పంపే పత్రికల జోలికి మాత్రం వెళ్లవద్దు. పరిశోధకులను గుర్తించే ఆర్సిడ్ నంబరు ఉచితం, అది ఈ రోజే తీసుకోవచ్చు.

ఆ తెలిసినవారికి వద్దని చెప్పేయండి. విభాగాధిపతికి పంపే ఉత్తరం అమ్మాయిని రాయమనండి. నాకు పంపితే చదివి, ఏవైనా మార్పులుంటే సూచిస్తాను.