ముందు కాపీ తీయండి, కొత్త బాక్స్ సంగతి తర్వాత

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: మా ఇంట్లో 2018లో కొన్న రెండు డిస్కుల నాస్ బాక్స్ (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి అందరి ఫైళ్లూ ఒకచోట దాచుకునే పెట్టె) ఉంది. పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే, మొత్తం 2.3 టీబీ. డిస్కులు నాలుగేసి టీబీవి, ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. నెల నుంచి ఒక డిస్క్ పాడవుతోందని వార్నింగ్ వస్తోంది. షాపతను నాలుగు డిస్కుల కొత్త సెట్ 95,000కి, పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ మీద ఇస్తానంటున్నాడు. మావారేమో నెలకు 650 రూపాయల 2 టీబీ క్లౌడ్ ప్లాన్ చాలంటున్నారు. 100 జీబీ ప్లాన్ అయితే నెలకు 130. ఇక్కడ 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ 11,500, బాక్స్‌లో వేసే డిస్క్ ఒక్కటే అయితే 12,500. ఇద్దరి జీతాలు కలిపి 70,000, ఇంటి లోన్ ఈఎంఐ 24,000, సేవింగ్స్‌లో 40,000, అత్యవసరానికి లక్షన్నర ఎఫ్‌డీ ఉన్నాయి. ఏం చేయమంటారు?

అమ్మా, ఇది చదవగానే ముందు చేయాల్సింది ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కొచ్చి మొత్తం కాపీ చేసుకోవడం. 4 టీబీది మీ ఊళ్లో 11,500 అని రాశారు కదా, అది సేవింగ్స్‌లోంచి తీసేయండి. రెండు డిస్కుల్లో ఒకటి పోయినా ఇంకోటి ఉందిలే అనుకోవడానికి లేదు, ఎందుకంటే రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకే వేడిలో ఇన్నేళ్లు తిరిగినవి. పాడైనదాన్ని తీసి కొత్తది పెట్టగానే బాక్స్ ఆ మిగిలిన పాత డిస్క్‌ను మొదటి నుంచి చివరిదాకా గంటల తరబడి చదువుతుంది, దాని మీద అంత భారం పడిన రోజు అంతకుముందు ఉండి ఉండదు. అది కూడా అప్పుడే చేతులెత్తేస్తే ఇక మిగిలేదేమీ లేదు. డేటా రికవరీ వాళ్ల దగ్గరికి వెళితే బిల్లు వేలల్లో ఉంటుంది, అయినా అన్నీ వస్తాయన్న గ్యారంటీ ఉండదు. వారంటీ ఉన్నా కొత్త డిస్క్ ఇస్తారు గానీ అందులోని ఫొటోలు ఇవ్వరు.

ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లో ఉండటాన్ని బ్యాకప్ అనుకోకండి. పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండిట్లోనూ పోతుంది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ర్యాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ కంపెనీ నాస్ బాక్సుల్లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అలాంటప్పుడు జంట డిస్క్ ఉన్నా ఒరిగేదేమీ లేదు. మీ బాక్స్‌కు అప్‌డేట్లు ఆగిపోయి ఉంటే బయట నుంచి లాగిన్ అయ్యే సౌకర్యం ఈరోజే ఆపేయండి.

ఇక ఆ నో కాస్ట్ ఈఎంఐ. నెలకు దాదాపు 7,900, ఇంటి లోన్‌తో కలిపితే 32,000 దాకా, అంటే జీతాల్లో ఇంచుమించు సగం. పేరుకు నో కాస్ట్ అయినా బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు షాపువాళ్లు ధరలో తగ్గించి చూపిస్తారు. 15 శాతం వడ్డీ లెక్కన అది 7,300 దాకా అవుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 1,300 పైచిలుకు, మీరే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఒకేసారి కడితే ఎంతకిస్తావని అడిగి చూడండి, అసలు ధర అప్పుడు బయటపడుతుంది. అయినా 2.3 టీబీకి నాలుగు డిస్కుల సెట్ ఎందుకు? మీ అవసరానికి అది చాలా ఎక్కువ.

మీవారి మాటలో న్యాయం ఉంది గానీ లెక్క కుదరదు. 2.3 టీబీ 2 టీబీ ప్లాన్‌లో పట్టదు. పైగా నెలకు 650 అంటే ఐదేళ్లకు 39,000, కట్టడం ఆపితే చోటూ పోతుంది. పొలం కాగితాలు, సర్టిఫికెట్లు, మళ్లీ దొరకని కొన్ని వందల ఫొటోలు మాత్రం క్లౌడ్‌లో పెట్టండి, దానికి మీరు రాసిన 130 రూపాయల 100 జీబీ ప్లాన్ సరిపోతుంది.

కాపీ అయ్యాక పది పదిహేను ఫైళ్లు తెరిచి చూసుకుని, అప్పుడు పాడైన డిస్క్ ఒక్కటే మార్చండి, 12,500. రెండూ కలిపి 24,000, సేవింగ్స్‌లో ఇంకా 16,000 మిగులుతుంది, ఎఫ్‌డీ జోలికి వెళ్లే పనిలేదు. వచ్చే నెల జీతంలోంచి ఒక చిన్న యూపీఎస్ కొనండి, ఎండాకాలం కరెంటు పోయి వస్తుంటే డిస్కులకు మంచిది కాదు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను బాక్స్ పక్కనే పెట్టకుండా మీ పుట్టింట్లోనో తమ్ముడి దగ్గరో ఉంచి, పండక్కి వెళ్లినప్పుడల్లా తెచ్చి కొత్తవి ఎక్కించుకోండి.

బాక్స్ కూడా ముసలిదే, ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు. నెలకు 1,500 ఆర్‌డీ మొదలుపెడితే ఏడాదిన్నరకు 27,000 పైన చేతికొస్తుంది, అప్పుడు రెండు డిస్కులదే కొనుక్కోండి. అదే కంపెనీది అయితే పాత డిస్కులు చాలావరకు నేరుగా పనిచేస్తాయి, వేరే కంపెనీది అయితే సాధారణంగా ఫార్మాట్ చేయాలి, బయటి కాపీ ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

డిస్క్ కొనేటప్పుడు సీఎంఆర్ రకం (డేటా వరసలను పక్కపక్కనే రాసేది) అని గట్టిగా అడగండి. వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ రకమని (వరసలను ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కించి రాసేది) 2020లో కంపెనీయే ఒప్పుకుంది, ఇలా డిస్క్ మార్చి మళ్లీ నింపేటప్పుడు అవి బాగా నెమ్మదిస్తాయి. షాపతను చూపించిన మోడల్ నంబర్ నాకు రాసి పంపండి, డబ్బు కట్టకముందే చూసి చెబుతాను.