కబడ్డీ ఆడుతూ అన్న పోయాడు.. పరుగులో పడిపోయిన తమ్ముడికీ ముప్పుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు, పెళ్లయి మిర్యాలగూడలో ఉంటున్నా, నాలుగేళ్ల బాబు. మా అన్న పోయిన దసరాకు ఊళ్లో కబడ్డీ ఆడుతూ, కూతకు వెళ్లొచ్చి గీత దగ్గరే కూలిపోయాడు. 29 ఏళ్లు, బీడీ ముట్టడు, మందు ముట్టడు. అంతకుముందు రెండుసార్లు ఇట్లనే పడితే ఫిట్స్ అని మాత్రలు రాశారు. ఇప్పుడు మా తమ్ముడు (22) కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో రోజూ పరిగెత్తుతున్నాడు. మొన్న పరుగు మధ్యలో కళ్లు తిరిగి పడిపోయి, నిమిషంలో లేచాడు. ఈసీజీ తీయిస్తే నార్మల్ అన్నారు. టిఫిన్ చేయక అట్లయిందని వాడంటాడు. కొవిడ్ టీకా వల్ల అని ఊళ్లో వాళ్లంటున్నారు. మా చిన్నాయన కూడా చిన్న వయసులోనే పోయాడు, కానీ ఆయనది గుండె కాదు, ఈత బాగా వచ్చినా బాయిలో మునిగిపోయాడు. తమ్ముడికి ఏ పరీక్షలు చేయించాలి?
- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, పరీక్షల సంగతి తర్వాత చెప్తాను. ఇది చదివిన రోజు నుంచే మీ తమ్ముడు పరుగు ఆపాలి, బాయిలో దూకడం కూడా. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలని వాడికి ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు, నోటిఫికేషన్లు ఎన్నేళ్లకోసారి పడతాయో కూడా తెలుసు. అయినా ఆపాల్సిందే. పరీక్షలు పూర్తయ్యి, ఫర్వాలేదని గుండె డాక్టర్ కాగితం మీద రాసిచ్చేదాకా.

మీరు చివర్లో, సంబంధం లేని సంగతిలా రాసిన మీ చిన్నాయన చావు దగ్గరే నేను ఆగిపోయాను. చిన్నప్పటి నుంచీ బాయిలో ఈత కొట్టినవాడు, బాగా ఈత వచ్చినవాడు, ఎందుకు మునుగుతాడు? మన దగ్గర దీన్ని గుండె ఖాతాలో ఎవరూ వేయరు, కాలు పట్టేసిందనో బాయిలో ఏదో ఉందనో అంటారు, అక్కడితో సరి. కానీ లాంగ్ క్యూటీ అనే జబ్బులో ఒక రకం ఉంది, ఈత కొట్టేటప్పుడు, గట్టిగా పరిగెత్తేటప్పుడే అది పైకొస్తుంది. గుండె కండరం బాగానే ఉంటుంది, రక్తనాళాల్లో పూడికలుండవు. లోపమంతా కరెంటులో. ప్రతి కొట్టుకు తర్వాత గుండె మళ్లీ చార్జ్ కావడానికి కావాల్సినదానికంటే ఎక్కువ టైం తీసుకుంటుంది, ఆ సందులో ఇంకో కొట్టుకు వచ్చి పడితే లయ తప్పి గుండె వణుకుతుంది తప్ప రక్తాన్ని తోయదు, మెదడుకు రక్తం అందక మనిషి ఉన్నచోటే పడిపోతాడు. లయ దానంతటదే సర్దుకుంటే నిమిషంలో లేచి కూర్చుంటాడు. సర్దుకోకపోతే లేవడు. నీళ్లలో ఉన్నవాడికైతే ఆ నిమిషం కూడా దొరకదు.

మీ అన్నకు రాసిన ఫిట్స్ మాత్రల వెనక కూడా ఇదే ఉండి ఉండొచ్చు. మెదడుకు రక్తం ఆగితే చేతులు కాళ్లు కొట్టుకుంటాయి, చూసేవాళ్లకు అచ్చం మూర్ఛలాగే ఉంటుంది. ఫిట్స్ వచ్చినవాళ్లు సాధారణంగా తర్వాత చాలాసేపు మత్తుగా, అయోమయంగా ఉంటారు, గుండె వల్ల పడినవాళ్లు పాలిపోయి పడి, లేచీ లేవగానే 'ఏమైంది' అని మామూలుగా మాట్లాడతారు. నూటికి నూరుపాళ్లు ఇట్లాగే ఉంటుందని కాదు. కానీ ఆడుతూ పాడుతూ ఉండగా పడిపోయిన కుర్రాడికి ఒక్క ఈసీజీ అయినా చూడకుండా ఫిట్స్ మాత్రలు రాయడం తప్పు, మా డాక్టర్లలో ఈ తప్పు ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

లాంగ్ క్యూటీ అనేది నా అనుమానం మాత్రమే, జబ్బు వేరేది కూడా కావొచ్చు. గుండె గోడ మందంగా పెరిగే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి ప్రతి 500 మందిలో ఒకరికి ఉంటుంది, ఇదీ వంశంలో వచ్చేదే, ఇదీ ఆటల్లోనే పడేసేదే. సీపీవీటీ అని ఇంకోటి ఉంది, అదీ కరెంటు లోపమే, అందులో మామూలు ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) రెండూ శుభ్రంగా ఉంటాయి, పరిగెత్తితే తప్ప దొరకదు. అందుకే 'ఈసీజీ నార్మల్' అన్న మాట మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. పడుకోబెట్టి పది సెకన్లు తీసిన గీత అది, మీ తమ్ముడు పడింది పరుగులో. టిఫిన్ చేయకపోతే కళ్లు తిరగొచ్చు, కాదనను. కానీ అన్న ఆటలో పోయిన ఇంట్లో పరుగు మధ్యలో పడిపోవడాన్ని టిఫిన్ మీదకు నెట్టేయడం కుదరదు.

ఆ ఈసీజీ కాగితం ఉందా? ఉంటే పైభాగంలో క్యూటీసీ (QTc) అని ఇంగ్లిష్ అక్షరాల పక్కన ఒక అంకె ఉంటుంది చూడండి, ఇందాక చెప్పిన చార్జింగ్ టైం సంగతి చెప్పేది అదే, మిల్లీసెకన్లలో ఉంటుంది. మగవాళ్లలో 450, ఆడవాళ్లలో 460 దాటితే ఆలోచించాలి, మళ్లీ మళ్లీ తీసినా 480 ఆపైనే వస్తుంటే జబ్బు ఉన్నట్టే లెక్క, 500 దాటితే ప్రమాదం ఎక్కువ. మిషన్ లెక్క ఒక్కోసారి తప్పుతుంది కాబట్టి డాక్టర్ స్కేలు పెట్టి కొలవాలి. జబ్బు ఉండి కూడా అంకె మామూలుగానే ఉన్నవాళ్లూ చాలామందే. మీ అన్నకు ఎప్పుడో తీసిన ఈసీజీ ఉంటే అది ఇంకా విలువైనది, బీరువాలు, పెట్టెలు అన్నీ వెతకండి. దొరికితే వెంటనే ఫొటో తీసి జిరాక్స్ చేయించండి, ఆ కాగితం కొన్నేళ్లకు వెలిసిపోతుంది. భద్రంగా ఉంటుందని లామినేషన్ మాత్రం చేయించకండి. ఒకాయన చనిపోయిన కొడుకు ఈసీజీని అట్లా చేయించి తెచ్చాడు, ఆ వేడికి కాగితమంతా నల్లబడిపోయింది, అటూ ఇటూ తిప్పి చూసి ఆయనకే తిరిగిచ్చేశాను.

ఇక పరీక్షలు. తమ్ముడికి ఈసీజీ మళ్లీ తీయించండి, పడుకున్నప్పుడు ఒకటి, లేచి నిలబడగానే ఒకటి. తర్వాత టూడీ ఎకో, అది చూశాకే డాక్టర్ దగ్గరుండి ట్రెడ్‌మిల్. ట్రెడ్‌మిల్ ఆపేశాక కూడా ఇంకో నాలుగైదు నిమిషాలు గీత తీయమని అడగండి, కొందరిలో తేడా అప్పుడే బయటపడుతుంది. అవసరమైతే ఒకటి రెండు రోజులు ఒంటికి హోల్టర్ (ఆగకుండా ఈసీజీ తీసే చిన్న మిషన్) కట్టి పంపుతారు. ఈసీజీ నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలోనే అవుతుంది, మిగతావాటికి నిమ్స్, ఉస్మానియా, గాంధీల్లో కార్డియాలజీ విభాగాలున్నాయి. ఓపీలో కూర్చోగానే 'కళ్లు తిరిగాయి' అని మొదలుపెట్టకండి, చిన్నాయన, అన్న, తమ్ముడు, ముగ్గురి కథా వరసగా చెప్పండి. ముందు వెళ్లాల్సింది తమ్ముడే.

తర్వాత మీ నాన్న. ఒకరు ఆయన తమ్ముడు, ఒకరు ఆయన కొడుకు, మధ్యలో ఉన్నది ఆయన. ఇట్లాంటి జన్యువు మోస్తూ జీవితాంతం కళ్లు కూడా తిరగనివాళ్లు ఉంటారు, పిల్లల్లో ఒక్కొక్కరికీ అది వచ్చే అవకాశం సగానికి సగం. 'నాకేంరా, గుండ్రాయిలా ఉన్నా' అంటాడు, అననీయండి, తీసుకెళ్లండి. అమ్మకూ ఒక ఈసీజీ తీయించండి. ఆ తర్వాత మీరు. ఉత్తరమంతా తమ్ముడి గురించే రాశారు గానీ ఆ సగం మీకూ వర్తిస్తుంది. మీలో తేడా కనిపిస్తే బాబుకూ చూడాలి.

టీకా సంగతి. 18 నుంచి 45 ఏళ్ల మధ్య ఉన్నట్టుండి చనిపోయినవాళ్ల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశంలోని 47 ఆసుపత్రుల్లో అధ్యయనం చేసి 2023లో ఫలితాలు ఇచ్చింది. టీకా వల్ల ముప్పు పెరగలేదు. ముప్పు పెంచినవి కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, చనిపోవడానికి ముందు 48 గంటల్లో అతిగా తాగడం, విపరీతమైన శ్రమ, ఇంకా కుటుంబంలో ఇట్లాంటి హఠాన్మరణం ఉండటం. చివరిది మీ ఇంట్లో ఉంది.

జబ్బు తేలితే జీవితం అయిపోయినట్టు కాదు. లాంగ్ క్యూటీలో చాలామందికి గుండె దూకుడు తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలే సరిపోతాయి, పెద్ద ఖర్చు కూడా కాదు, కానీ ఒక్కరోజు మానకూడదు. ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఐసీడీ అనే చిన్న పరికరం చర్మం కింద పెడతారు, లయ తప్పితే లోపలే షాక్ ఇస్తుంది. డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సన్ 2021 యూరో కప్‌లో మైదానంలోనే కూలిపోయి, ఐసీడీ పెట్టించుకుని మళ్లీ ఆటకొచ్చాడు. మీ తమ్ముడికి పోలీసు ఉద్యోగం కుదురుతుందా అంటే రిపోర్టులు చూడకుండా నేను అవుననీ కాదనీ అనలేను. ఇంకోటి, జ్వరమనో విరేచనాలనో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే అజిత్రోమైసిన్, వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి పరీక్షలు తేలేదాకా వద్దని చెప్పండి, క్యూటీని సాగదీసే మందులవి.

అన్న పడ్డప్పుడు ఎవరేం చేశారో మీరు రాయలేదు, ఊహించగలను. మొహాన నీళ్లు కొట్టి, తువ్వాలతో విసిరి, చేతిలో తాళంచెవులు పెట్టి ఉంటారు, గురక లాంటి శ్వాస వినపడితే ఊపిరుందిలే అనుకుని ఉంటారు. అది ఊపిరి కాదు. మనిషి పలకక, శ్వాస సరిగా లేకపోతే ఒకరు 108కు ఫోన్ చేయాలి, ఇంకొకరు అదే క్షణం ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి రెండంగుళాల లోతుకు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. అన్నకు ఆ రోజు ఎవరూ చేయలేదని ఎవరినీ తప్పుపట్టకండి, వాళ్లకు ఎవరూ నేర్పలేదు. తమ్ముడితో పాటు గదిలో ఉండే స్నేహితులకు మాత్రం ఈ వారమే నేర్పించండి.

చిన్నాయనకు పిల్లలున్నారా? మీరు రాయలేదు. ఉంటే హైదరాబాద్‌లో ఉన్నా, బొంబాయిలో ఉన్నా, వాళ్లకు ఇవాళే ఫోన్ చేయండి.