పాత ప్లేయర్ పియానోలో రెండు రకాల తిత్తులు: ఎవరో మార్చారా, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చాయా?

మీరు కొన్న 1920ల నాటి ప్లేయర్ పియానోలో (రంధ్రాలున్న కాగితపు రోల్ వేస్తే గాలితో దానంతటదే వాయించే పియానో) తిత్తులు, అంటే ఒక్కో స్వరాన్ని పలికించే చిన్న గాలి సంచులు, రెండు రకాలుగా ఉన్నాయనీ, చెక్కలో దేనికీ పనికిరాని బెజ్జాలు కనిపిస్తున్నాయనీ రాశారు. ఎవరో అతుకులేసి అంటగట్టారని మీ అనుమానం. దయచేసి వాటిలో ఒక్కటి కూడా ఇప్పుడే పారేయకండి. నేను ఆ పొరపాటు చేశాను.

ఒహాయోలో మా గరాజ్‌లో నేను విప్పిన మొదటి పియానోలో 88 తిత్తుల్లో మూడు వేరే చెక్కవి, కాస్త సన్నటివి. మధ్యలో ఎవరో రిపేరు చేసుంటారనుకుని, మిగతావాటి కొలతకే మూడు కొత్తవి చేసి అతికించాను. బిగించాక ఆ మూడు స్వరాలూ పలకలేదు. కొత్త తిత్తులు పక్కనున్న యాక్షన్ బ్రాకెట్‌కి (పియానో సుత్తుల అమరికని పట్టి ఉంచే లోహపు ఆధారం) తగులుతున్నాయి. పాతవి సన్నగా ఉన్నది అందుకేనన్నమాట! అట్టపెట్టెలోంచి వాటిని తీసి, అడుగున గట్టిపడిన జిగురుని గోరువెచ్చటి నీళ్లతో తుడిచాను. పెన్సిల్ అంకెలు బయటపడ్డాయి: 61, 62, 63. ఆరు తోకని లోపలికి చుట్టి రాసిన తీరు పక్క తిత్తుల మీద కూడా అచ్చం అలాగే ఉంది. అన్నీ ఒకే చేతి రాత. అది చూశాక మనసు చివుక్కుమంది.

అప్పట్లో చాలా పియానో కంపెనీలు ఈ గాలి యంత్రాన్ని సొంతంగా తయారు చేసుకునేవి కావు. న్యూయార్క్‌లోని స్టాండర్డ్ న్యూమాటిక్ యాక్షన్ లాంటి కంపెనీల దగ్గర కొని బిగించుకునేవి. కాబట్టి మూత మీది పేరుని బట్టి లోపలి సరుకు ఎవరిదో చెప్పలేం. ఒకే రకం యంత్రం వేర్వేరు పియానోల్లో పట్టాలంటే అదనపు బెజ్జాలు ఉండటం సహజమే. 1908లో బఫెలోలో తయారీదారులు కూర్చుని అంగుళానికి 9 రంధ్రాల 88 స్వరాల రోల్‌ని ప్రమాణంగా ఒప్పుకున్నారు. దానివల్ల రోల్స్ ఏ పియానోలోనైనా ఆడాయి గానీ లోపలి భాగాలు మాత్రం ఎవరివి వాళ్లవే. మిగిలిపోయిన సరుకుని కూడా వృథా చేయకుండా వాడేసేవారని నా నమ్మకం.

మీ బెజ్జాల దగ్గర టార్చ్ పెట్టి చూడండి. చెక్క బిరడా కొట్టి, దాని మీదుగా షెల్లాక్ (లక్క) పూత ఒకే పొరగా సాగిపోయి ఉంటే అది చాలావరకు ఫ్యాక్టరీ పనే. పూతని చీల్చుకుని బిరడా పైకి కనిపిస్తే తర్వాతెవరో చేసింది. తిత్తి చుట్టూ దుమ్ము గీత చెదిరిందా, స్క్రూకి రెండో బెజ్జం ఉందా అన్నది కూడా గమనించండి. తెల్లటి ప్లాస్టిక్ జిగురు కనిపిస్తే మాత్రం అది కచ్చితంగా తర్వాతి రిపేరే.

తిత్తులకి చుట్టిన రబ్బరు గుడ్డ, గాలి గొట్టాలు ఎలాగూ మార్చాల్సిందే, వాటి గురించి టెన్షన్ పడకండి. చెక్క భాగాల్ని మాత్రం ఊడదీసే ముందే ఫొటో తీసి, వరుస నంబర్లు రాసి పెట్టుకోండి. తేడాగా ఉన్నవి ఏ నంబర్లో ఇక్కడ చెప్పండి. అవి బ్రాకెట్ల పక్కనే ఉంటే, మీవి కూడా కావాలని సన్నగా చేసినవే అయ్యుండొచ్చు.