మంచు కింద చేపకు ఏ లూర్ కొనాలి? మినియాపొలిస్ వెళ్తున్న హనుమకొండ విద్యార్థికి జవాబు

హనుమకొండ నుంచి జనవరిలో మినియాపొలిస్‌కు ఎం.ఎస్. చదువు కోసం వెళ్తున్నానని, వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువుల్లో గాలం వేసిన అలవాటు తప్ప గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టిన అనుభవం లేదని, 100 డాలర్లు దాటకుండా ఏ లూర్లు (చేపను ఆకర్షించే కృత్రిమ ఎరలు), ఏ సామాను కొనాలో చెప్పమని మీరు అడిగారు. ఇక్కడి నుంచి పట్టుకెళ్లదగినది ఏమైనా ఉందా అన్నది మీ రెండో ప్రశ్న. నేను ఉద్యోగరీత్యా అక్కడ కొన్ని చలికాలాలు గడిపి, ఇప్పుడు హనుమకొండలోనే ఉంటున్నాను. రెండు చోట్లా గాలం వేసినవాడిగా నేను చెప్పేదేమిటంటే, మన చెరువుల దగ్గర చేతికి అలవాటైన కొలతలన్నిటినీ అక్కడ బాగా తగ్గించుకోవాలి. దారం సన్నబడాలి, లూర్ చిన్నదవాలి, దాన్ని ఆడించే తీరు నెమ్మదించాలి.

కారణం నీటిలోనే ఉంది. మన కొర్రమట్ట వెచ్చని నీటి చేప. గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది, తామరాకుల మీద కప్ప బొమ్మ గెంతితే నీళ్లు చీల్చుకుని దాని మీద పడుతుంది. దాన్ని ఆకుల మధ్య నుంచి లాగడానికి 30 పౌన్ల లాగుడుకైనా తెగని అల్లిక దారం, గట్టి రాడ్ వాడతాం. మంచు కింద అటువంటి దూకుడు కనిపించదు. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది కాబట్టి ఆ నీరు అడుగుకు చేరుతుంది, మంచుకు ఆనుకుని ఉన్న నీరు దాదాపు సున్నా దగ్గర ఉంటుంది. చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటితోపాటే పడిపోతుంది, జీర్ణం మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. అందుచేత అది దూరం ఈది ఎరను వెంటాడదు. నోటి ముందుకు వచ్చిన చిన్న తిండిని మెల్లగా లోపలికి పీల్చుకుంటుంది, అనుమానం కలిగితే మరుక్షణమే ఉమ్మేస్తుంది.

జగిత్యాల నుంచి వచ్చిన మా సహోద్యోగి ఒకరు గోదావరిలో వాలుగలు పట్టిన మనిషి. మంచు మీద కూడా వేలెడు పొడవున్న వెండి రంగు స్పూన్‌నే (చెంచా ఆకారపు లోహపు లూర్‌నే) దించి గట్టిగా ఆడించేవాడు. పక్కవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్న సోనార్ (నీటి కింద చేపలను గీతలుగా చూపే పరికరం) తెర మీద మాకు ఒక విషయం స్పష్టంగా కనిపించింది. చేప గీత అడుగు నుంచి లేచి స్పూన్ దాకా వచ్చేది, అక్కడ ఆగేది, తిరిగి కిందికి జారుకునేది. అదే రంధ్రంలో పెసర గింజంత టంగ్‌స్టన్ జిగ్‌కు, అంటే తల దగ్గర టంగ్‌స్టన్ లోహంతో బరువు పోసిన చిన్న కొక్కేనికి, ఒక పురుగు గుచ్చి, కదపకుండా పట్టుకున్నప్పుడు అలా లేచిన గీత జిగ్‌లో కలిసిపోయింది, రాడ్ కొన కొద్దిగా వంగింది. చేపలు లేక కాదు, చూపించినది వాటి ఆకలికి మించినదై ఉండటం వల్లే అంతవరకు ఏమీ పడలేదని ఆ తెర చూశాక ఇద్దరం ఒప్పుకున్నాం.

కాబట్టి ముందుగా ఏ చేప కోసం వెళ్తున్నారో నిర్ణయించుకోండి. మొదటి చలికాలానికి బ్లూగిల్, క్రాపీ, పసుపు పెర్చ్ అనే మూడు చిన్న చేపలు చాలు. ఇవి ఊరి పక్క చెరువుల్లోనూ దొరుకుతాయి, వీటికి వాడే సామాను కూడా ఇంచుమించు ఒకటే. వాల్‌ఐ, నార్తర్న్ పైక్ పెద్ద చేపలు. వాటికి వేరే రాడ్, పైక్ పళ్లకు తెగని స్టీలు తీగ వంటివి కావాలి. ఆ ఖర్చు ఇప్పుడే పెట్టుకోకండి.

ఈ మూడింటికీ మీరు మొదట కొనవలసింది టంగ్‌స్టన్ జిగ్. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, టంగ్‌స్టన్‌ది 19.3 గ్రాములు, అందువల్ల అంతే బరువుకు టంగ్‌స్టన్ జిగ్ చాలా చిన్నగా ఉంటుంది, త్వరగా దిగుతుంది, సన్నని దారాన్ని కూడా ముడతలు లేకుండా బిగువుగా లాగి ఉంచుతుంది. ఈ బిగువు ముఖ్యం, ఎందుకంటే దారం వదులుగా ఉంటే చేప పీల్చిన సంగతి చేతికి తెలియదు. 4 మిల్లీమీటర్ల జిగ్‌లు రెండు, 5 మిల్లీమీటర్లవి రెండు తీసుకోండి. మొదటిది సుమారు ఒక గ్రాము, రెండోది దానికి దాదాపు రెట్టింపు. పది పన్నెండు అడుగుల లోతులో నాచు మధ్య తిరిగే బ్లూగిల్‌కు చిన్నది, ఇరవై అడుగులు దాటిన నీటిలో అడుగుకూ మంచుకూ మధ్య గుంపుగా తేలుతూ ఉండే క్రాపీకి పెద్దది సరిపోతాయి. బ్లూగిల్ నోరు మన పరకల నోరంత చిన్నది కాబట్టి కొక్కెం పెద్దదైతే జిగ్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. సీసం ధర తక్కువే గాని, నీటిలో పోయిన సీసపు ముక్కలను మింగి లూన్ పక్షులు చనిపోతాయి. అది మినియాపొలిస్ ఉన్న మిన్నెసోటాకు రాష్ట్ర పక్షి. సీసం మానుకోమని అక్కడి సహజ వనరుల శాఖ కూడా కోరుతుంది.

రంగుల విషయంలో దుకాణంలో గంటలు గడపనవసరం లేదు. చీకట్లో వెలిగే రకం ఒకటి, బంగారు రంగు ఒకటి, వెండి రంగు ఒకటి ఉంటే చాలు. నీరు తేటగా ఉన్నప్పుడు వెండి, కలకబారినప్పుడు బంగారు, సాయంత్రం వెలుగు తగ్గాక వెలిగే రకం వాడండి. ఈ చివరిదాన్ని టార్చి వెలుగులో కాసేపు ఉంచి దించాలి. నా మట్టుకు నేను రంగు మార్చే ముందు లోతు మారుస్తాను. క్రాపీ తనకు పైన ఉన్న తిండిని చూసి లేచే చేప కనుక, జిగ్‌ను దాని కిందికి దించితే ఏ రంగైనా ఒకటే.

జిగ్‌కు ఒక వాక్స్‌వర్మ్, అంటే తెల్లని లావు పురుగు, గుచ్చుతారు. మనం నాలా పక్కన తడి మట్టి తవ్వి ఎర్రలు ఏరుకుంటాం, అక్కడ ఎరల దుకాణంలో ఫ్రిజ్ తెరిచి డబ్బా తీసి ఇస్తారు. డబ్బాను కోటు లోపలి జేబులో పెట్టుకోండి, బయట ఉంచితే గడ్డకడతాయి. బతికిన చిన్న చేపలను ఎరగా కొంటే మిగిలినవాటిని చెరువులో వదలడం అక్కడి చట్టానికి విరుద్ధం. కొత్తవారికి పురుగులే మేలు.

ఇక రాడ్. మంచులో తవ్విన రంధ్రం పక్కనే కూర్చుంటారు కనుక 24 నుంచి 30 అంగుళాల పొట్టి రాడ్ వాడాలి. అల్ట్రాలైట్ లేదా లైట్ అని రాసి ఉన్నదాన్ని ఎంచుకుని, దుకాణంలోనే కొనకు మీ జిగ్ వేలాడదీసి చూడండి. ఆ ఒక్క గ్రాము బరువుకే కొన కొద్దిగా వంగితే అది మీకు తగిన రాడ్. నిటారుగా నిలిస్తే చేప పీల్చినప్పుడు మీకు కబురు అందదు. చిన్న రీల్‌తో కలిపిన జత 30 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. రీల్ గురించి ఎక్కువ ఆలోచించకండి.

దారం మీద మాత్రం శ్రద్ధ పెట్టండి, నా లెక్కన లూర్ కన్నా ఇదే ఎక్కువ తేడా చేస్తుంది. జతతోపాటు వచ్చే దారం చాలాసార్లు లావుగా ఉండి, చలికి చుట్టలు తిరిగి స్ప్రింగ్‌లా నిలబడిపోతుంది. దాన్ని తీసేసి, మంచు మీద వాడటానికని అమ్మే 3 లేదా 4 పౌన్ల నైలాన్ దారం చుట్టించండి. మన దగ్గర కొర్రమట్టకు వాడే అల్లిక దారం నీటిని పీల్చుకుని గాలి తగలగానే గడ్డకడుతుంది, కాబట్టి బయట కూర్చునే వారికి అది పనికిరాదు. కట్టిన ముడిని కూడా గమనిస్తూ ఉండాలి. ఈ జిగ్‌లు నీటిలో అడ్డంగా తేలినట్లు వేలాడాలి. ఒక చేప పడ్డాక ముడి జిగ్ మీద దారం కట్టే కన్నంలో పక్కకు జారి జిగ్ తల కిందకు వాలుతుంది, అటువంటిదాన్ని మిగతా చేపలు ముట్టుకోవు. ప్రతి చేప తరువాత ముడిని గోటితో పైకి జరిపి, దించండి.

దించిన తరువాత జిగ్‌ను చెరువు అడుగుకు తాకించి, ఒక అడుగు ఎత్తు లేపి, రెండు మూడు సార్లు వేళ్లతో వణికించి, పదిహేను సెకన్ల పాటు కదపకుండా ఉంచండి. చేప ఎక్కువగా ఆ నిశ్చలంలోనే అందుకుంటుంది. కొన కిందికి వంగడమే కాదు, వంగి ఉన్న కొన హఠాత్తుగా నిటారు కావడం కూడా చేప ఎర అందుకుందనడానికి గుర్తు; క్రాపీ ఎరను పట్టుకుని పైకి లేచినప్పుడు అలా జరుగుతుంది.

రాడ్, దారం, జిగ్‌లు, పురుగులు కలిపి సుమారు 65 డాలర్లు అవుతాయి. మిగిలిన డబ్బుతో మెడలో వేసుకునే ఐస్ పిక్‌లు, బూట్ల కింద తొడుక్కునే ముళ్ల పట్టీలు కొనండి, మరో లూర్ కొనకండి. మంచు విరిగి నీటిలో పడితే ఆ పిక్‌లను అంచులో గుచ్చి పైకి పాకవచ్చు. కొత్తగా పట్టిన తేటమంచు కనీసం 4 అంగుళాల మందం ఉంటేనే నడవాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది, తెల్లగా ఉన్న మంచుకు దానికి రెట్టింపు మందం కావాలి. ఎంత మందమున్నా పూర్తిగా నమ్మదగిన మంచు లేదని కూడా అదే శాఖ అంటుంది. ఒంటరిగా వెళ్లకండి. రంధ్రం తవ్వే ఆగర్‌ను మొదటి ఏడాది అద్దెకు గానీ అరువుగా గానీ తెచ్చుకోండి. 6 అంగుళాల వెడల్పు రంధ్రం ఈ చేపలకు సరిపోతుంది. లైసెన్సు ఖర్చు ఈ లెక్కలో లేదు, అది లేకుండా గాలం దించకండి. అక్కడ మంచు మీద ఒక మనిషి రెండు దారాల వరకు వేయవచ్చు, కానీ ఒక్క దాని మీద కన్ను ఉంచడమే మొదట్లో కష్టం.

ఇక్కడి నుంచి గాలాలు తీసుకెళ్లాలా అని అడిగారు. మన బజారులో దొరికే కొక్కేలు బొచ్చె, కొర్రమట్టలకు తగిన లావు తీగవి, బ్లూగిల్ నోట్లో పట్టవు; వదిలేయండి. వరంగల్‌లో ఎం.జి.ఎం. ఆసుపత్రి చుట్టుపక్కల సర్జికల్ సామాను దుకాణాల్లో దొరికే సన్నని పొడవాటి ఫోర్సెప్స్ ఒకటి కొనుక్కోండి. చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు ఆ చిన్న నోట్లో నుంచి జిగ్‌ను తీయడానికి అంతకన్నా వీలైన పనిముట్టు నాకు అక్కడ కూడా దొరకలేదు. దాన్ని చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టండి, చేతి సంచిలో ఉంటే విమానాశ్రయం తనిఖీలో తీసేసుకునే అవకాశం ఉంది.