కోడలికి పొగరని ముందే విన్నారు

ప్రశ్న: నా వయసు 58. మా అబ్బాయికి పెళ్లయి ఏడు నెలలైంది. సంబంధం కుదిరినప్పుడే మా ఆడపడుచు ‘ఆ పిల్లకు పొగరెక్కువ’ అంది. ఇప్పుడు అదే నిజమైంది. ఆఫీసు పనంటూ గది తలుపు వేసుకుంటుంది. పలకరిస్తే ముక్తసరిగా జవాబిస్తుంది. మొన్న నా మోకాలి నొప్పికి ఆస్పత్రికి తీసుకెళ్లింది గానీ, అది మా అబ్బాయి చెప్పబట్టే. ఈ అమ్మాయితో ఎలా వేగాలి?

జవాబు: అమ్మా, మోకాలి నొప్పి మాట దగ్గర నేను ఆగిపోయాను. తలుపు వేసుకుంటే అది కోడలి గుణం, ఆస్పత్రికి తీసుకెళ్తే అది కొడుకు మంచితనం. అబ్బాయే చెప్పాడని మీకు తెలుసా, లేక అలా అనుకున్నారా? ఇలాగైతే ఆ అమ్మాయి ఏం చేసినా మంచి ఆమె ఖాతాలో పడదు.

మీ ఒక్కరికే ఇలా జరగడం లేదు. 1950లో హెరాల్డ్ కెల్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులకు కొత్తగా వచ్చే అధ్యాపకుడి గురించి చిన్న పరిచయం ఇచ్చాడు. ఆయన ఆప్యాయంగా ఉంటాడని కొందరి కాగితంలో, అంటీముట్టనట్టు ఉంటాడని మిగతావారి కాగితంలో ఉంది. తక్కినదంతా ఒకటే. అందరూ ఒకే గదిలో అదే పాఠం విన్నారు. రెండో కాగితం చదివినవాళ్లకు ఆయన స్వార్థపరుడిగా, కలుపుగోలుతనం లేనివాడిగా కనిపించాడు. నాకు బాధనిపించేది ఇంకోటి: వాళ్లు ఆయనతో చర్చలో కూడా తక్కువగా పాల్గొన్నారు.

పొగరుబోతు అనుకున్న మనిషిని మనం మనసారా పలకరించలేం. గొంతులో ఆ తేడా కొత్త కోడలికి ఇట్టే తెలిసిపోతుంది. ఆమె ఇంకాస్త ముడుచుకుంటుంది. అప్పుడు ఆడపడుచు మాటే నిజమనిపిస్తుంది.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు మీటింగులుంటాయి, మిక్సీ చప్పుడు కూడా అవతలివాళ్లకు వినిపిస్తుంది. తలుపు వేసుకునేది అందుకేనేమో. నిలదీసినట్టు కాకుండా, ‘ఏ టైముకి ఖాళీ అవుతావమ్మా, కలిసి టీ తాగుదాం’ అనండి. ఆస్పత్రికి తోడొచ్చినందుకు ఎంత ధైర్యంగా అనిపించిందో ఆమెకే చెప్పండి, అబ్బాయితో కాదు. ఆడపడుచు ఫోన్ చేసి కోడలి సంగతి అడిగితే, కొన్నాళ్లు ‘బాగానే ఉంది’ అని మాట మార్చేయండి.

ఆమె నిజంగా మిమ్మల్ని కించపరిస్తే అది వేరే విషయం, ఓర్చుకోమని నేను చెప్పను. మీ ఉత్తరంలో మాత్రం అలాంటి సంఘటన ఒక్కటీ లేదు. ఉంటే, ఏ సందర్భంలో ఏ మాట అందో ఉన్నదున్నట్టు రాయండి. దాని గురించి మాట్లాడుకుందాం.