ఖరీదైన హెల్మెట్ కొంటే సరిపోతుందా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయికి 14 ఏళ్లు. స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో చేరతానంటున్నాడు. మంచి హెల్మెట్ ఉంటే తలకు ఏమీ కాదని వాడి వాదన. నమ్మవచ్చా, డాక్టరు గారూ?

జవాబు: మీ అబ్బాయి మాటలో కొంత నిజముంది. తోలు టోపీలతో ఆడిన రోజుల్లో పుర్రె పగలడమే పెద్ద భయం. 1939లో వచ్చిన ప్లాస్టిక్ హెల్మెట్, తర్వాత ముఖానికి అడ్డుగా చేరిన కడ్డీలు ఆ భయాన్నీ, ముక్కూ పళ్లూ విరగడాన్నీ బాగా తగ్గించాయి. అయితే తల భద్రంగా ఉందన్న ధీమాతో ఆటగాళ్లు పొట్టేళ్లలా తలతోనే కుమ్మడం మొదలుపెట్టారు. తల కాస్త ముందుకు వంచితే మెడకు సహజంగా ఉండే వంపు పోయి పూసలన్నీ ఒకే వరుసలోకి వస్తాయి కనుక, అప్పుడు నడినెత్తికి తగిలిన దెబ్బ మెడపూసలను చితకగొట్టి వెన్నుపాము దాకా వెళ్తుంది. కాళ్లూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడేది అలాగే. 1968 ఒక్క ఏడాదిలోనే ఆటలో తగిలిన గాయాలతో 36 మంది ఆటగాళ్లు చనిపోయారు. 1973లో హెల్మెట్లకు నాణ్యతా ప్రమాణాలు, 1976లో తలతో ఢీకొట్టడంపై నిషేధం వచ్చాకే పరిస్థితి మెరుగుపడింది. మెడ విషయంలో మాత్రం ఆ ఘనత నిషేధానిదేనని నా అభిప్రాయం.

కంకషన్, అంటే దెబ్బ అదురుకు మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడం, దాని సంగతి వేరు. తల విసురుగా తిరిగినప్పుడు పుర్రె లోపల మెదడు మెలిపడి సన్నని నాడీతంతువులు సాగుతాయి. హెల్మెట్ ఆ విసురును కొంత తగ్గించగలదే తప్ప ఆపలేదు. హెల్మెట్ మీద తొడిగే మెత్తని టోపీలను అమెరికాలోని వృత్తి ఆటగాళ్ల ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2022లో శిక్షణ శిబిరాల్లో కొందరికి తప్పనిసరి చేసి, కంకషన్లు తగ్గాయని ప్రకటించింది. ఆ ఫలితాన్ని బడిపిల్లలకు యథాతథంగా వర్తింపజేయడానికి నేను సాహసించను.

అందువల్ల ధర కంటే అమరికను చూడండి: హెల్మెట్‌ను పట్టుకుని కదిపితే నుదుటి చర్మం దానితో పాటే కదలాలి. తల పక్కకు తప్పించి భుజంతో అడ్డుకోవడం నేర్పుతారా, ఒకరినొకరు ఢీకొట్టే సాధన వారానికి ఎంతసేపు చేయిస్తారు అని కోచ్‌ను అడగండి. కంకషన్ అనుమానం వస్తే పిల్లవాణ్ణి వెంటనే ఆట నుంచి తప్పించాలనీ, డాక్టరు రాతపూర్వకంగా అనుమతించేదాకా తిరిగి ఆడించకూడదనీ టెక్సాస్‌లో 2011 నుంచి చట్టమే ఉంది. వాడికి ఇది ముందే చెప్పండి, ఎందుకంటే ఈ వయసు పిల్లలు జట్టులో చోటు పోతుందని తలనొప్పిని దాస్తారు. ఇంకొకటి: కిందపడ్డాక మెడ నొప్పి, చేతుల్లో తిమ్మిరి ఉందంటే కంగారుపడి హెల్మెట్ లాగేయకండి. శిక్షణ పొందిన సిబ్బంది వచ్చేదాకా దాన్ని అలాగే ఉంచి, తల కదలకుండా పట్టుకోవాలి.