బ్యాటన్ ఎక్కడ జారుతోంది?

వ్యాపారానికీ నాయకత్వానికీ ఆటల్లోంచి ఏం తెచ్చుకోవచ్చని పాఠకులు పంపిన ప్రశ్నల్లో అయిదింటికి ఈసారి జవాబులు. ఉత్తరాల్లో ఎక్కువ భాగం మ్యాచ్ రోజు గురించే: చివరి ఓవర్, ఆఖరి నిమిషం గోల్, విరామంలో కోచ్ ప్రసంగం. ఆఫీసుకు పనికొచ్చే సరుకు మాత్రం మ్యాచ్‌ లేని రోజుల్లోనే ఎక్కువ దొరుకుతుంది. అందుకే జవాబులు అటువైపు మొగ్గుతాయి.

ప్రశ్న: మా కంపెనీలో అమ్మకాల విభాగం ఆర్డరు తెస్తుంది, అమలు విభాగం పూర్తి చేస్తుంది. రెండు వైపులా సమర్థులే ఉన్నారు. అయినా కస్టమరుకు చెప్పిందొకటి, చేసిందొకటి అవుతోంది. ఎవరినడిగినా తప్పు అవతలివాళ్లదే అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ పరిస్థితి 4×100 మీటర్ల రిలే లాంటిది. అందులో నలుగురు తలా వంద మీటర్లు పరుగెత్తుతూ, బ్యాటన్ అనే చిన్న కర్రను చేతి నుంచి చేతికి అందిస్తారు. 2016 రియో ఒలింపిక్స్‌లో జపాన్ పురుషుల జట్టు 37.60 సెకన్లలో పరుగు ముగించి రజతం గెలిచింది. ఆ నలుగురిలో ఒక్కరు కూడా అప్పటికి వంద మీటర్లు 10 సెకన్లలోపు పరుగెత్తలేదు. అదే ఫైనల్లో మూడో స్థానంలో గీత దాటిన అమెరికా జట్టు, తొలి మార్పిడిలో బ్యాటన్ అందించడానికి గీసిన జోన్‌లోకి రాకముందే చేతులు మారిందని అనర్హతకు గురైంది. అంతకుముందు 2008 బీజింగ్‌లో అమెరికా పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ తొలి రౌండ్లోనే బ్యాటన్ జారవిడిచాయి.

జపాన్ వాళ్లు బ్యాటన్‌ను కింది నుంచి పైకి అందిస్తారు. అందుకునే మనిషి చెయ్యి తుంటి దగ్గరే ఉంటుంది. వెనక్కి ఎత్తి చాచనక్కర్లేదు కాబట్టి పరుగు ఊపు చెడదు. దీన్ని వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేశారు. ఇక అన్ని జట్లూ చేసే పని ఇంకొకటుంది. ట్రాక్ మీద టేపుతో ఒక గుర్తు పెడతారు. వచ్చే రన్నర్ ఆ గుర్తు చేరగానే, అందుకోవాల్సిన రన్నర్ వెనక్కి చూడకుండా పూర్తి బలంతో బయల్దేరతాడు. ముందే కదిలితే ఇచ్చే మనిషి అందుకోలేకపోతాడు, 30 మీటర్ల జోన్ అయిపోతుంది. ఆలస్యమైతే ఇద్దరూ ఒకరి మీదొకరు పడతారు. గుర్తు ఎక్కడుండాలో సాధనలో అడుగులతో కొలిచి తేలుస్తారు. పెద్ద పోటీల్లో తరచూ జరిగే తప్పు ఆత్రం కొద్దీ ముందే కదలడం. ఎంత సాధన ఉన్నా హామీ లేదు: టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో ఇదే జపాన్ తొలి మార్పిడిలోనే బ్యాటన్ అందించలేక ఆగిపోయింది.

మీ దగ్గర ఆ టేపు గుర్తు ఏది? అడ్వాన్సు జమ కావడమా, కస్టమరు సంతకమా, కొలతల కాగితం చేతికి రావడమా? అమలు విభాగం పని మొదలుపెట్టడానికి ఏదో ఒక్క సంఘటననే గుర్తుగా పెట్టి, అందరికీ తెలిసేలా రాయండి. రెండు గుర్తులుంటే గుర్తు లేనట్టే. ఆ తర్వాత జోన్ నిర్ణయించండి. అంటే ఇద్దరికీ కలిపి బాధ్యత ఉండే కాలం, ఉదాహరణకు ఆర్డరు ఖాయమైన రోజు నుంచి మొదటి వారం. ఆ వారంలో కస్టమరుతో జరిగే మొదటి మాటలో రెండు విభాగాల వాళ్లూ ఉండాలి. 'ఆర్డరు ఇచ్చేశాను, ఇక నా పని అయిపోయింది' అనే వీలు అమ్మకాల వాళ్లకు ఆ వారంలో ఉండకూడదు.

అప్పగించే తీరుకు మంచి నమూనా లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రిలో ఉంది. గుండె ఆపరేషన్ అయిన పిల్లల్ని థియేటర్ నుంచి ఇంటెన్సివ్ కేర్‌కు మార్చేటప్పుడు పొరపాట్లు దొర్లుతుంటే, అక్కడి డాక్టర్లు ఫెరారీ ఫార్ములా వన్ జట్టును సలహా అడిగారు. రేసు మధ్యలో చక్రాలు మార్చుకోవడానికి కారు ఆగే పిట్ స్టాప్‌లో ఒక్కో చక్రానికి ముగ్గురుంటారు: ఒకరు గన్‌తో నట్టు విప్పి బిగిస్తారు, ఒకరు పాత చక్రం లాగుతారు, ఒకరు కొత్తది ఎక్కిస్తారు. ఎవరి పని వారిదే, కారు కదలాలన్న సంకేతం మాత్రం ఒక్క చోటి నుంచే వస్తుంది. 2023 ఖతార్ రేసులో మెక్‌లారెన్ జట్టు ఇలాగే 1.80 సెకన్లలో నాలుగు చక్రాలూ మార్చింది. ఆస్పత్రిలో అప్పటిదాకా ఆ క్షణంలో నాయకుడెవరో స్పష్టంగా లేదు, పరికరాలు తగిలిస్తూనే అందరూ మాట్లాడేవారు. కొత్త పద్ధతిలో మత్తు డాక్టరుకు నాయకత్వం అప్పగించి, పనిని మూడు దశలు చేశారు. మొదట పరికరాలు, తర్వాత ఒకరు చెబుతుంటే మిగతావారు వినడం, చివర్లో చర్చ. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఒక్కో మార్పిడిలో సాంకేతిక తప్పులు సగటున 5.42 నుంచి 3.15కు, చెప్పకుండా వదిలేసిన విషయాలు 2.09 నుంచి 1.07కు తగ్గాయి. దానికి అదనంగా పట్టిన సమయమేమీ లేదు.

మీకు ఇరవై నిమిషాల మీటింగు చాలు. దాన్ని నడిపేది అందుకునేవాళ్లే, అంటే అమలు విభాగం. మొదటి అయిదు నిమిషాలు కాగితాలకే: ఆర్డరు కాపీ, కొలతలు, గడువు తేదీ ఉన్నాయా? ఒక్కటి లేకపోయినా మీటింగు అక్కడే ఆపండి. తర్వాత పది నిమిషాలు అమ్మకాల మనిషి ఒక్కరే మాట్లాడాలి, అదీ ముఖ్యంగా కాగితం మీద లేనివి: నోటిమాటగా ఒప్పుకున్న తేదీ, 'అది కూడా చూసుకుంటాంలెండి' అన్న ప్రతి మాట. గొడవలు పుట్టేది ఈ మాటల్లోంచే. చివరి అయిదు నిమిషాలు అమలు విభాగం తాను ఏం చేయబోతోందో సొంత మాటల్లో తిరిగి చెప్పి, చెడిపోయే అవకాశమున్న ఒక విషయాన్ని పేరు పెట్టి చెప్పాలి.

ఇది పాడయ్యే దారులు మూడు. మీటింగు బదులు ఈమెయిల్ పంపేస్తారు, తిరిగి చెప్పే దశ ఎగిరిపోతుంది. ఫారంలో నలభై గళ్లు పెడతారు, ఎవరూ నింపరు, పది దాటనివ్వకండి. ఆర్డర్లు ఎక్కువున్న నెలలో 'ఈసారికి వదిలేద్దాం' అంటారు. తప్పులు ఎక్కువగా జరిగేది ఆ నెలలోనే కాబట్టి, మీరు పట్టుబట్టాల్సింది అప్పుడే.

ప్రశ్న: ప్రతి సోమవారం మా బృందానికి పది నిమిషాలు ఉత్సాహపరిచే ప్రసంగం ఇస్తున్నాను. మంగళవారానికి ఆ ఊపు పోతోంది. గొప్ప కోచ్‌లు ఏం మాట్లాడతారు?

జవాబు: దీనికి లెక్కతో సహా జవాబుంది. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో జాన్ వుడెన్ శిక్షణలో యూసీఎల్ఏ జట్టు 1964 నుంచి 1975 వరకు 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు గెలిచింది. ఆయన చివరి సీజన్లో రొనాల్డ్ గాలిమోర్, రోలండ్ థార్ప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సాధన చోటనే కూర్చుని ఆయన చెప్పిన ప్రతి మాటనూ లెక్క కట్టారు. మొత్తం 2,326 బోధనల్లో మెచ్చుకోలు 6.9 శాతం, అసంతృప్తి 6.6 శాతం. దాదాపు 75 శాతం ఏం చేయాలి, ఎలా చేయాలి అన్న సూటి సమాచారమే.

ఆయన తప్పు దిద్దే తీరు గమనించండి. ఆట ఆపి సరైనది చేసి చూపేవారు, వెంటనే ఆటగాడు చేసిన తప్పును చూపేవారు, మళ్లీ సరైనది చూపేవారు. అంతా కొన్ని సెకన్లలో ముగిసేది. ఆ ఆటగాడు అక్కడే మళ్లీ చేసి చూపాలి. ఈ పొదుపైన మాట వెనక బోలెడు తయారీ ఉంది: సాధనకు ముందు సహాయకులతో కూర్చుని నిమిషాల వారీగా ప్రణాళిక వేసి, చిన్న కార్డుల మీద రాసుకునేవారు.

సోమవారం ప్రసంగాన్ని నిశ్చింతగా ఆపేయండి. ఆ పది నిమిషాలు గతవారం పనిలోంచి ఒక్క నమూనా తీసుకోండి. కస్టమరుకు వెళ్లిన ఒక జవాబు అనుకోండి. మంచి జవాబు చదవండి, లోపమున్నది పేరు చెప్పకుండా చదవండి, మళ్లీ మంచిది చదవండి. తర్వాత లోపమున్న జవాబును అక్కడికక్కడే అందరూ తిరగరాయాలి. ఒక వారం ఒక్క లోపం మాత్రమే. 'నివేదిక ఇంకా మెరుగ్గా ఉండాలి' అన్నది సమాచారం కాదు. 'మొదటి పేరాలోనే మొత్తం ఖర్చు రాయండి' అన్నది సమాచారం.

ప్రశ్న: చిన్న చిన్న మెరుగుదలలు కలిసి పెద్ద విజయం అవుతాయంటారు కదా. ఏడాదిగా చేస్తున్నాం, లాభంలో తేడా లేదు.

జవాబు: ఈ మాటను ప్రచారంలోకి తెచ్చింది డేవ్ బ్రైల్స్‌ఫర్డ్ నడిపిన బ్రిటన్ సైక్లింగ్ బృందం. 2008, 2012 ఒలింపిక్స్ రెండింటిలోనూ ఎనిమిదేసి స్వర్ణాలు గెలిచారు. ఆటగాళ్ల దిండ్లు, చేతులు కడుక్కునే తీరు వంటి వాటిలో చేసిన చిన్న మార్పులు అందరికీ గుర్తుండిపోయాయి. అయితే ఆయన నడిపిన టీమ్ స్కై 2010లో తొలిసారి టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసుకు వెళ్లినప్పుడు మొదటి పదిమందిలో వాళ్ల ఆటగాడు ఒక్కరూ లేరు. బ్రాడ్లీ విగ్గిన్స్ గెలిచింది 2012లో. అసలు శిక్షణ కుదరకుండా దిండు మార్చినా గెలుపు రాదు. మీరూ ముందు ఖర్చులో లేదా సమయంలో అతి పెద్ద వాటా దేనిదో చూడండి, మెరుగుదలలు అక్కడే మొదలుపెట్టండి. ఒకసారి ఒకటే మార్చండి, ముందూ వెనకా కొలవండి. పది ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. 2018లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ఒకటి, టీమ్ స్కై మందుల వాడకంలో నైతిక గీత దాటిందని తన నివేదికలో విమర్శించింది. జట్టు దాన్ని ఖండించింది. ప్రతి చిన్న లాభాన్నీ వెతికే బృందానికి, ఏం చేయకూడదో నాయకుడు ముందే రాసివ్వాలి.

ప్రశ్న: అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉన్నవారికే జీతం ఎక్కువ పెంచుతున్నాం. పెద్దగా కనపడని ఒక సమన్వయకర్త రాజీనామా ఇచ్చాక పనులన్నీ చిక్కుపడ్డాయి. ఇలాంటివాళ్లను ముందే గుర్తించేదెలా?

జవాబు: 2003 వేసవిలో రియల్ మాడ్రిడ్ ఫుట్‌బాల్ క్లబ్ డేవిడ్ బెక్హామ్‌ను తెచ్చుకుంది. అదే వేసవిలో రక్షణకు ముందు నిలబడి ప్రత్యర్థి దాడులను తుంచే క్లాడ్ మకలేలే జీతం పెంచమని అడిగితే ఒప్పుకోలేదు, ఆయన ఇంగ్లండ్‌లోని చెల్సీ క్లబ్‌కు వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడు సీజన్లు మాడ్రిడ్‌కు లీగ్ టైటిలూ లేదు, యూరప్ టైటిలూ లేదు. చెల్సీ 2004-05లో 38 మ్యాచ్‌ల్లో 15 గోల్స్ మాత్రమే ఇచ్చి లీగ్ గెలిచింది. అంతా ఒక్కడి వల్లే అనలేం; చెల్సీకి కొత్త కోచ్, కొత్త గోల్‌కీపర్ కూడా వచ్చారు. కానీ గోల్స్ మాత్రమే లెక్కపెట్టే క్లబ్‌కు గోల్స్ ఆపేవాడి విలువ కనపడదన్నది నిజం.

బాస్కెట్‌బాల్‌లో దీనికి ఒక కొలత ఉంది: ఆటగాడు మైదానంలో ఉన్నంతసేపు జట్టు స్కోరు ప్రత్యర్థి కంటే ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని చూస్తారు. మీ దగ్గర దానికి దగ్గరగా ఉండేది సెలవుల రికార్డు. ఎవరు వారం సెలవు పెట్టినప్పుడు ఏ పనులు ఆలస్యమయ్యాయో రాయండి. ఒక్క సెలవును బట్టి తీర్పు చెప్పొద్దు, ఆ వారం పని తక్కువుండి ఉండొచ్చు. ఆటలో కూడా ఈ కొలత కొద్ది మ్యాచ్‌లకు నమ్మదగింది కాదు, పక్కనున్న ఆటగాళ్ల ప్రభావం అందులో కలిసిపోతుంది. రెండోది, మూడు నెలలకోసారి ప్రతి ఒక్కరినీ అడగండి: 'పని ఆగిపోయినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లారు? ఇద్దరి పేర్లు రాయండి.' పదే పదే వచ్చే పేరును జీతాల పట్టికలో వెతకండి.

దొరికాక జరిగే పొరపాటు ఇంకొకటుంది. ప్రశంసాపత్రం ఇచ్చి సరిపెడతారు, లేదా మేనేజర్‌ను చేసి ఆ పనికే దూరం చేస్తారు. అదే పనిలో ఉంచి జీతం పెంచే దారి మీ నిబంధనల్లో లేకపోతే ముందు అది రాయండి.

ప్రశ్న: రెండేళ్లలో బాధ్యతల నుంచి తప్పుకుందామనుకుంటున్నాను. వారసుడిని లోపలి నుంచి తీసుకోవాలా, బయటి నుంచి తేవాలా?

జవాబు: రెండూ నెగ్గిన సందర్భాలున్నాయి. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్‌లో మేనేజర్ బిల్ షాంక్లీ 1974లో తప్పుకుంటే ఆయన సహాయకుడు బాబ్ పైస్లీ వచ్చి తొమ్మిది సీజన్లలో ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్‌లు గెలిచారు. ఆయన తర్వాత వచ్చిన జో ఫాగన్ కూడా లోపలి మనిషే, మొదటి సీజన్లోనే మూడు ట్రోఫీలు. అదే క్లబ్‌లో 2024 జనవరిలో యుర్గెన్ క్లాప్ తాను వెళ్తున్నట్టు ముందే ప్రకటించారు. బయటి నుంచి వచ్చిన ఆర్నే స్లాట్ దాదాపు అదే జట్టుతో 2024-25 లీగ్ గెలిచారు.

చెడింది మాంచెస్టర్ యునైటెడ్‌లో. 26 ఏళ్లకు పైగా నడిపిన అలెక్స్ ఫెర్గూసన్ 2013లో 13వ లీగ్ టైటిల్‌తో తప్పుకున్నారు. అదే వేసవిలో క్లబ్ ముఖ్య కార్యనిర్వాహకుడు డేవిడ్ గిల్ కూడా వెళ్లిపోయారు, కొత్తగా వచ్చిన డేవిడ్ మోయెస్ పాత సహాయక కోచ్‌లలో ముఖ్యులను మార్చారు. ఆరేళ్ల ఒప్పందంతో వచ్చిన ఆయనను పది నెలలకే తీసేశారు, జట్టు ఏడో స్థానంలో నిలిచింది. పై కుర్చీ, దాని పక్క కుర్చీ, సహాయకులు అన్నీ ఒకే వేసవిలో మారితే పాత పద్ధతి తెలిసినవారు ఎవరూ మిగలరు.

కాబట్టి లోపలా బయటా అన్నది తర్వాత చూసుకోండి. ముందు మీతో పాటు అదే ఏడాది ఎవరెవరు వెళ్లే అవకాశం ఉందో జాబితా రాయండి. మీ ఆర్థిక వ్యవహారాలు చూసే మనిషీ మీరూ ఒకే ఆరు నెలల్లో తప్పుకోకూడదు. ఈ ఏడాదే మూడు వారాలు సెలవు పెట్టి, ఫోన్లో కూడా నిర్ణయాలు చెప్పకుండా ఉండండి. వచ్చేసరికి ఏయే నిర్ణయాలు ఆగి ఉన్నాయో అవే మీరు ఇంకా ఎవరికీ నేర్పని పనులు. వాటిని ఒక్కొక్కటిగా ఒక్కొక్కరికి పేరు పెట్టి అప్పగించి, వచ్చే ఏడాది ఆరు వారాలు సెలవు పెట్టి మళ్లీ చూడండి. అప్పుడు ఆగిపోయే పనులు రెండో మూడో మిగిలితే, వారసుడి కోసం వెతకడం మొదలుపెట్టవచ్చు.